రాతి తోరణం, చెర్రీ పలక

యోషిదా హిరోషి చెక్క అచ్చు చిత్రం చేతికొస్తే, తెలిసినవాళ్లు బొమ్మకంటే ముందు కాగితం ఎడమ అంచు చూస్తారు. అక్కడ రెండక్షరాల జపాను ముద్ర ఒకటి ఉందో లేదో చూసుకుంటారు. దాన్ని ‘జిజూరి’ ముద్ర అంటారు. అది ఉంటే ఆ కాగితం ఆయన అజమాయిషీలో, ఆయన కళ్లముందు అచ్చయిందని భరోసా. కింది అంచులో పెన్సిలుతో ఇంగ్లీషు సంతకం కూడా కనిపిస్తుంది. అది విదేశాల్లో కొనేవాళ్ల కోసం చేసిందే. సేకరించేవాళ్లు మాత్రం సంతకాన్ని ఒక పట్టాన నమ్మరు, ముద్రను నమ్ముతారు. ఒక్క కాగితం బయటికి రావడానికి ఎన్ని చేతులు పనిచేయాలో తెలిస్తే ఆ పట్టింపు అర్థమవుతుంది.

పాత పద్ధతిలో చిత్రకారుడు బొమ్మ గీసి ఇచ్చేవాడు, అంతే. చెక్కేవాడు వేరు, అచ్చు తీసేవాడు వేరు, పెట్టుబడి పెట్టి ముగ్గురినీ నడిపే ప్రచురణకర్త వేరు. హొకుసాయి, హిరోషిగే వంటి మహామహుల పేర్లు మనకు తెలుసు. వాళ్ల గీతను వెంట్రుకంత సన్నంగా చెర్రీ చెక్క మీద నిలబెట్టిన పనివాళ్లలో చాలామంది పేర్లు జనానికి తెలియవు. యోషిదా ఈ పనిలోకి ఆలస్యంగా వచ్చాడు. 1876లో క్యూషూ దీవిలోని కురుమెలో పుట్టి, తైలవర్ణ చిత్రాలతో, నీటిరంగులతో పేరు తెచ్చుకున్నవాడు. 1920లో టోక్యో ప్రచురణకర్త వతనాబే షోజబురో కోసం తొలి అచ్చు చిత్రం చేశాడు. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన కాంతో భూకంపంలో వతనాబే దుకాణమూ అందులోని పలకలూ కాలిపోయాయి. ఆ తర్వాత అమెరికా వెళ్లి, అక్కడివాళ్లు ఈ అచ్చు బొమ్మలను ఎంత మోజుగా కొంటున్నారో చూసి, 1925లో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గర. చెక్కేవాళ్లనూ అచ్చు తీసేవాళ్లనూ జీతానికి పెట్టుకున్నా ఉలి పట్టడం, అచ్చు తీయడం తనూ నేర్చుకున్నాడు. పనివాడికి పని చెప్పేవాడు ఆ పనిలో వాడికన్నా ముందుండాలన్నది ఆయన పట్టుదల.

1930 చివర్లో ఆయన పంతొమ్మిదేళ్ల పెద్దకొడుకు తోషిని వెంటబెట్టుకుని మన దేశం వైపు బయల్దేరాడు. దారిలో ఆగ్నేయాసియా, ఆ తర్వాత కాంచన్‌జంగ, కాశీ ఘాట్లు, అమృత్‌సర్ స్వర్ణదేవాలయం, ఉదయ్‌పూర్, తాజ్‌మహల్, మదురై గుడి. అజంతా, ఎల్లోరా, సాంచి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తిరిగి వెళ్లాక 1931, 1932 సంవత్సరాల్లో ముప్పై దాకా అచ్చు చిత్రాలు చేశాడు. ఈ శ్రేణి గురించి ఎక్కడ చదివినా తాజ్‌మహల్ దగ్గరే ఆగిపోతారు. నల్లగొండ, పాలమూరు జిల్లాలవాళ్లకు ఇందులో వేరే ఆసక్తి ఉండాలి. ఆయన వచ్చేనాటికి అజంతా, ఎల్లోరా నిజాం రాజ్యంలో ఉన్నాయి. మన జిల్లాలూ ఆ రాజ్యంలోవే. గులాం యజ్దానీ నడిపిన నిజాం పురావస్తు శాఖ అజంతా చిత్రాల మీద తొలి సంపుటాన్ని అచ్చేసింది సరిగ్గా 1930లో. తర్వాత పదేళ్లకు అదే శాఖ నల్లగొండ జిల్లా ఫణిగిరి గుట్ట మీద తవ్వకాలు మొదలుపెట్టింది. ఇక నల్లగొండ నుంచి కృష్ణ దాటితే అవతలి ఒడ్డు బ్రిటిష్‌వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. యోషిదా మన దేశంలో తిరుగుతున్న రోజుల్లో ఆ ఒడ్డున నాగార్జునకొండ లోయలో పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ స్తూపాలు తవ్వి తీస్తున్నాడు. నాగార్జునకొండ యోషిదా దారిలో లేదు. వచ్చి ఉంటే ఏం చేసేవాడో అన్న ఊహ నన్ను వదలదు. ఆ ఊహ ఊరికే పుట్టింది కాదు. ఆయన చెక్క మీద చేసిన పనికీ, కృష్ణ ఒడ్డున మనవాళ్లు రాయి మీద చేసిన పనికీ లోపలి సూత్రం ఒకటే అని నా నమ్మకం.

ముందు చెక్క సంగతి చూద్దాం.

పలక కోసం కొండచెర్రీ వాడతారు. గట్టి చెక్క, పీచు సన్నం, నీళ్లు తగిలినా తొందరగా వంకర పోదు. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిన బొమ్మను పలక మీద బోర్లా అంటిస్తారు. వెనక పొరను వేలితో రుద్ది రుద్ది తీసేస్తే గీతలు పైకి తేలతాయి. ఆ పైన కత్తి పని. గీతకు ఇటు పక్క ఒక కోత, అటు పక్క ఒక కోత. రెండు కోతలూ గీత నుంచి బయటికి వాలుగా దిగాలి. నిట్టనిలువుగా కోస్తే వంద కాగితాలు తీసేలోపే గీత విరిగిపోతుంది. వాలు ఉంటే అడుగున వెడల్పుగా, పైన సన్నగా, పొలం గట్టులా నిలబడుతుంది. తర్వాత సుత్తితో, ఉలితో చుట్టూ మిగిలిన చెక్కంతా తవ్విపారేస్తారు. మనం కాగితం మీద చూసే నల్లటి గీత చెక్కేవాడు ముట్టుకోకుండా వదిలేసిన చోటు. ముట్టుకున్న చోటంతా తెలుపు.

గీతల పలక తయారయ్యాక దాని మీంచి కొన్ని నమూనా కాగితాలు తీస్తారు. ఒక్కో కాగితం మీద ఒక్కో రంగు ఎక్కడెక్కడ పడాలో గుర్తు పెట్టి, ఆ రంగుకు వేరే పలక చెక్కుతారు. చెర్రీ ఖరీదైన చెక్క కాబట్టి ఒకే పలకకు రెండు వైపులా చెక్కడం మామూలే. పది పలకలైనా ఇరవై పలకలైనా, కాగితం ప్రతిసారీ పోయినసారి పడ్డ చోటే పడాలి. అందుకు చేసుకున్న ఏర్పాటు చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. ప్రతి పలక మీదా ఒక మూలన లంబకోణంలో చిన్న గాడి, అదే అంచున కొంచెం దూరంలో తిన్నటి గాడి. కాగితం మూలను మొదటి గాడిలో, అంచును రెండో గాడిలో ఆనించి పడుకోబెడితే చాలు, బొమ్మ బొమ్మ మీదే కూర్చుంటుంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి యోషిదా దాకా ఇదే ఏర్పాటు. యంత్రం లేదు, ప్రెస్సు లేదు.

పెడనలో కలంకారీ అచ్చులు వేయడం చూసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా తడుతుంది. పెడనలో బట్ట బల్ల మీద పరిచి ఉంటుంది, టేకు అచ్చు పైనుంచి దిగుతుంది, గుర్తు తప్పకుండా దించడం పనివాడి కంటిచూపు మీద ఉంటుంది. జపానులో పలక వెల్లకిలా ఉంటుంది, కాగితమే దాని మీదికి వస్తుంది. రంగు వేయడం, కాగితం పరచడం, వెనక నుంచి రుద్దడం మూడూ ఒకే మనిషి చేస్తాడు. రుద్దడానికి వెదురు పొరలతో పేనిన తాడును చుట్ట చుట్టి, వెదురు ఆకుతోనే కప్పిన గుండ్రటి సాధనం ఒకటుంది, పేరు ‘బారెన్’. అరచేతిలో ఇమిడిపోతుంది. కాగితం మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసింది. జిగురు, పటిక కలిపిన నీళ్లు పట్టించి, అచ్చుకు ముందు తడిపి పెడతారు. ఆ తడి పని అయ్యేదాకా ఒకే తీరుగా ఉండాలి. ఎండితే కాగితం ముడుచుకుంటుంది, ఎక్కువ తడిస్తే సాగుతుంది, ఎలా పోయినా రంగు గీత దాటి బయటికి వస్తుంది. పుట్టపాకలో, పోచంపల్లిలో నేతగాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. అక్కడ నూలు మీద ముందే కట్లు కట్టి రంగులద్ది, తర్వాత మగ్గం మీద పడుగు రంగునూ పేక రంగునూ కలిపి పువ్వు తీయాలి. పోగు జరిగితే పువ్వు చెదురుతుంది. అయితే ఇక్కత్‌లో ఆ కాస్త చెదురునే అందం అనుకుంటాం. జపాను అచ్చులో దాన్ని క్షమించరు.

ఆకాశం కోసం వాళ్లు వాడే పనితనం మరోటి. పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ లేతబడి చివరకు కాగితం తెలుపులో కలిసిపోవడం హిరోషిగే చిత్రాల్లో చూస్తాం. పలక మీద ఆ ముదురూ లేతా చెక్కి ఉండవు, పలక చదునుగానే ఉంటుంది. అచ్చు తీసేవాడు తడిగుడ్డతో పలకను తుడిచి, కుంచెకు ఒక కొసనే రంగు పట్టించి, తడి మీద దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తాడు. ‘బొకాషి’ అంటారు దీన్ని. ఒక కాగితానికి చేసింది రెండో కాగితానికి ఉండదు, మళ్లీ తుడిచి మళ్లీ నడపాలి. రెండు వందల కాగితాలు తీస్తే రెండు వందల ఆకాశాలు. అవన్నీ ఒకేలా కనబడాలి. ఎడమ అంచులో ముద్ర ఉందా లేదా అని కొనేవాడు వెతికేది ఇందుకే. పలకలు ఎన్నేళ్లయినా మిగులుతాయి. ఆకాశం మాత్రం ఆ రోజు ఆ చేతిలో పుట్టాల్సిందే.

యోషిదా ఈ సాధనాలతో ఎవరూ చేయనంత దూరం వెళ్లాడు. మామూలు అచ్చు చిత్రానికి పది పన్నెండు అచ్చు ముద్రలు పడితే, ఆయన చిత్రాలకు ముప్పై, నలభై సాధారణం. నిక్కోలోని యోమేయ్ ద్వారం మీద 1937లో చేసిన చిత్రానికి 96 ముద్రలు పడ్డాయి. రంగుల కిందా మీదా బూడిద రంగు పలకలు వేసి, నీడకు బరువు తెచ్చాడు. నీటిరంగుల్లో తేలిగ్గా వచ్చే మసక వెలుతురును చెక్కతో తెప్పించాలన్నది ఆయన పంతం. నా లెక్కలో ఆయన అసలు గొప్పతనం ముద్రల సంఖ్యలో లేదు. 96 అనగానే నోరు తెరుస్తాం కానీ, ఆ చిత్రంలో కష్టం కనబడినంతగా గాలి ఆడదు. ఆయన ఉత్తమమైన పని 1926లో చేసిన తెరచాప పడవల చిత్రాలు. నీళ్ల మీద ఒక పడవ, వెనక మరికొన్ని, అడుగున నీడలు. ఒకే పలకల మీద రంగులు మార్చి ఆరు పూటలు తీశాడు. పొద్దున, మధ్యాహ్నానికి ముందు, మధ్యాహ్నం తర్వాత, మంచు, సాయంత్రం, రాత్రి. పడవ కదల్లేదు, గీత మారలేదు. పూట మారింది. అంతకుముందు ఏడాది ఏథెన్సులోని అక్రోపోలిస్‌ను, ఈజిప్టు స్ఫింక్స్‌ను కూడా ఇలాగే పగలూ రాత్రీ చేశాడు. రాయి విషయంలో ఈ పద్ధతికి ఇంకో అర్థం వస్తుంది. రాతి గుడి అక్కడే ఉంటుంది, వేల ఏళ్లుగా అదే. దాని మీద మారేది ఎండ ఒక్కటే. పలక గుడిలాంటిది, రంగు ఎండలాంటిది అన్న పోలిక ఆయన మాటల్లో చెప్పకుండా చేతుల్లో చెప్పాడు.

ఇదే కాలంలో కవసే హసుయి అని మరొకడున్నాడు, 1883లో పుట్టి 1957లో పోయాడు. బౌద్ధాలయాల దగ్గరికి వస్తే యోషిదాకన్నా హసుయే నాకు ఒక మెట్టు పైన. 1925లో చేసిన షిబా జోజోజి చిత్రం అందరికీ తెలిసిందే. ఎర్రటి పెద్ద ద్వారం, ఏటవాలుగా కొడుతున్న మంచు, గొడుగు అడ్డం పెట్టుకుని గాలికెదురుగా వంగి నడుస్తున్న ఒక స్త్రీ. ఆ మంచు రేకుల దగ్గర కాసేపు ఆగాలి. రేకు తెల్లగా కనబడాలంటే అక్కడ ఏ రంగూ పడకూడదు. అంటే ఎర్ర పలకలో ఆ చోట గుంట ఉండాలి. ఎర్రరంగు కింద వేసిన నీడ పలకలో అదే చోట గుంట. గీతల పలకలో గీత ఆ చోటికి రాగానే తెగిపోవాలి. వేలెడు వెడల్పు లేని రేకు కోసం నాలుగైదు పలకల్లో ఒకే బిందువు దగ్గర చెక్క తవ్వాలి. అలాంటివి వందలు. చూసేవాడికి మంచు పైనుంచి కురిసినట్టుంటుంది. నిజానికి ఆ చిత్రంలో అన్నిటికన్నా అడుగున ఉన్నది మంచే, ఉత్త కాగితం. ద్వారమూ చెట్టూ మనిషీ అన్నీ దాని మీద పడ్డవే. ఆ ద్వారం 1622 నాటిది. 1945 వైమానిక దాడుల్లో ఆ ఆలయంలో చాలా భాగం కాలిపోగా అది మిగిలింది. హసుయి ఆఖరి చిత్రం కూడా బౌద్ధాలయమే. హిరైజుమిలోని బంగారు మందిరం వైపు మంచులో మెట్ల దగ్గరికి నడుస్తున్న సన్యాసి, మనకు వీపే కనబడుతుంది. హసుయి పోయిన తర్వాతే అది అచ్చయి బయటికొచ్చింది.

ఈ ఆలయాల్లో పూజలందుకునే ఆచార్య పరంపరలో నాగార్జునుడున్నాడు. జపానువాళ్లు ఆయన్ని ‘ర్యూజు’ అంటారు. జోదో షిన్షూ శాఖవాళ్లు తమ ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడిగా లెక్కిస్తారు. మన సంప్రదాయం ఆయన్ని కృష్ణ ఒడ్డుకు ముడివేస్తుంది. ఇంతకన్నా దీన్ని సాగదీయను. ఒక పేరు అంత దూరం నడిచిందన్న సంగతి చాలు.

మళ్లీ యోషిదా భారతదేశ చిత్రాల దగ్గరికి వస్తే, నాకు ఒక అభ్యంతరం ఉంది. ఆయన ఎండ మెత్తన. జపాను గాలిలో తేమ ఎక్కువ, దూరపు కొండ నీలంగా కరిగిపోతుంది, బొకాషి పుట్టిందే ఆ గాలి కోసం అనిపిస్తుంది. మన దక్కను మెట్టలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అలా ఉండదు. దేవరకొండ వైపో, మహబూబ్‌నగర్ దాటి మక్తల్ వైపో వెళ్తే గుండు మీద గుండు పేర్చినట్టున్న రాతి గుట్టలు. వాటి నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. దూరమని ఏదీ లేత పడదు, ఎర్రనేలా తెల్లటి ఆకాశమూ కలిసేచోట గీత గీసినట్టుంటుంది. యోషిదా మనదేశపు పొద్దుటినీ, సందెనూ, వెన్నెలనూ అద్భుతంగా పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నానికి వచ్చేసరికి దాన్ని కూడా సందెలా చేసి చూపించాడని నా ఫిర్యాదు. మనుషుల విషయమూ అంతే. వాళ్లు రంగురంగుల తలపాగాలుగా, చీరలుగా గోడకు ఆనుకుని నిలబడతారు. వాళ్లకంటే గోడ మీదే ఆయనకు మక్కువ ఎక్కువ.

అయితే ఆ మక్కువ సాంచి దగ్గర సార్థకమైంది. 1932లో ఆయన సాంచి స్తూపపు తోరణాన్ని అచ్చు చిత్రంగా చేశాడు. సాంచి తోరణమే ఒక చిత్రమైన వస్తువు. రెండు స్తంభాలు, వాటి మీద ఒకదానిపై ఒకటిగా మూడు అడ్డదూలాలు. దూలాల కొసలు చుట్ట చుట్టినట్టు తిరుగుతాయి. రాతి కట్టడానికి ఇలాంటి అమరిక అవసరమే లేదు. ఇది వడ్రంగి ఆలోచన. కర్రతో తోరణాలు కట్టిన చేతులు రాయి దొరికాక కూడా కర్ర పద్ధతినే పాటించాయి. దక్షిణ తోరణం మీద ఉన్న శాసనాల్లో ఒకటి ఆ చెక్కడపు పని విదిశ దంతకారులు చేశారని చెబుతుంది, అంటే ఏనుగు దంతం మీద పనిచేసేవాళ్లు. మరో శాసనం శాతకర్ణి రాజు పనివాళ్ల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానమని చెబుతుంది. శాతకర్ణి శాతవాహనుడు, మనకు దగ్గరవాడు. ఆ శాసనాలు చదివినవాళ్లకు ఆ దూలాల మీద బొమ్మలు ఎందుకంత కిక్కిరిసి, ఎందుకంత చిన్నగా, ఎందుకంత నునుపుగా ఉన్నాయో అర్థమవుతుంది. కర్ర నుంచి, దంతం నుంచి రాయికి వచ్చిన పని అది. యోషిదా దాన్ని రెండువేల ఏళ్ల తర్వాత మళ్లీ చెక్కలోకి దించాడు. ఇందులో ఆయనకు ఎదురైన చిక్కు ఊహించుకోవచ్చు. దూలం మీద గుర్రాలు, ఏనుగులు, మనుషులు అన్నిటికీ గీత పెడితే చిత్రం చీమలబారు అవుతుంది. పెట్టకపోతే సాంచి కాకుండా పోతుంది. ఆయన దారి నీడతో చెప్పడం. చెక్కడపు ఒంపుల్లో నీడ పడ్డ చోట్లకు పలకలు చెక్కి, ఎండ తగిలిన చోట్లను లేత రంగుకు వదిలేస్తే కంటికి బొమ్మ అందుతుంది. సాంచి శిల్పి కూడా చేసింది అంతే కదా. వాడి దగ్గర రంగు లేదు. ఎండే రంగు, లోతు చాలినంత ఉంటే అదే నీడ గీస్తుంది.

కృష్ణ ఒడ్డుకు వచ్చేసరికి ఈ సూత్రం ఇంకా సన్నబడింది. నాగార్జునకొండ శిల్పులకు దొరికింది పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ, బూడిద కలిసిన రంగు, ఇసుకరాయికన్నా మెత్తన, ఉలికి లొంగుతుంది, అంచు పదునుగా నిలుస్తుంది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే మూడు, నాలుగు శతాబ్దాల్లో, ఆ రాతి పలకల మీద వాళ్లు స్తూపాన్నే చెక్కారు. స్తూపానికి తొడిగే రాతి పలక మీద స్తూపం బొమ్మ. చుట్టూ కంచె, ద్వారం దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకొచ్చిన వేదిక, దాని మీద బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలకు గుర్తుగా అయిదు ఆయక స్తంభాలు, అండం అనే గుమ్మటం మీద మళ్లీ చెక్కడాల పటాలు, పైన గుమిగూడిన గంధర్వులు. బౌద్ధ కట్టడాన్ని ఒక చదునైన పలక మీద చూపించే పని మన దగ్గర పదిహేడు వందల ఏళ్ల కిందటే అలా జరిగింది. ఆ ఇటుక స్తూపాలు ఇప్పుడు మొదళ్లు తప్ప మిగల్లేదు. పైన ఎలా ఉండేవో ఆ పలకలు చూసే తెలుసుకుంటున్నాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కట్టాక ఆ లోయ నీళ్లలోకి వెళ్లిపోయింది. అంతకుముందు 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు చేసి, చిక్కినవన్నీ కొండ మీది మ్యూజియానికీ, ఒడ్డున అనుపుకూ చేర్చారు.

ఆ పలక దగ్గర నిలబడి ఒక్క సింహాన్ని చూడండి. జూలు వెంట్రుకల మధ్య గాడి గోరు దిగేంత లోతు కూడా ఉండదు. మెడ కింద మాత్రం ఉలి ఒక్కసారిగా లోపలికి దిగుతుంది. ఎందుకంటే అక్కడ ముదురు నీడ కావాలి. పక్కనున్న కంచె దూలాలు గుండ్రంగా కాకుండా పై అంచు దగ్గర కాస్త ఏటవాలుగా ఉంటాయి, పైనుంచి వెలుతురు వస్తే ఒక్కో దూలం కింద సన్నటి నల్లగీత పడుతుంది. శిల్పి ఆ గీత చెక్కలేదు, అది పడేలా ఏర్పాటు చేశాడు. జపాను చెక్కేవాడు గీతకు అటూ ఇటూ వాలు కోత పెట్టి గీతను నిలబెట్టడం, ఈయన దూలం అంచును వాలుగా తీసి నీడను నిలబెట్టడం ఒకే బుద్ధి. మ్యూజియం ట్యూబులైట్ల కింద ఇది సగం కూడా తెలియదు. ఆ పలకలు బయట ఎండలో నిలబడాల్సినవి, పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు చూడాల్సినవి.

రాతితో వెలుతురును ఆడించడం మన జిల్లాలో బౌద్ధులతో ఆగిపోలేదు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కుందూరు చోడుల కాలపుది. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. బయటి నుంచి వచ్చే వెలుతురు స్తంభాల మధ్యగా పలువైపుల నుంచి పడి, అన్నీ కలిసి ఆ ఒక్క నీడ తయారవుతుంది. యోషిదాకు ఆ గుడి చూపించి ఉంటే పలకలు ఎన్ని కావాలో లెక్క వేసుకునేవాడు.

ఇందాక చెప్పిన ఫణిగిరి ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది, నాగారం మండలం. పాము పడగలా లేచిన గుట్ట, పైన మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, స్తంభాల మండపం. 1941 నుంచి 1944 వరకు నిజాం శాఖ తవ్వి ఊరుకుంది. 2001 తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ మళ్లీ తవ్వింది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి పద్దెనిమిదో పాలనా సంవత్సరపు శాసనం ఒక స్తంభం మీద దొరికింది, ధర్మచక్రం నిలబెట్టించినవాడు రాజవైద్యుడట. 2024లో 3,730 సీసపు నాణేలున్న కుండ బయటపడింది. వీటన్నిటికన్నా పనితనం ప్రేమించేవాళ్లకు పండగ 2003లో దొరికిన తోరణపు అడ్డదూలం. సాంచిలో నాలుగు దిక్కులా తోరణాలున్నాయి కానీ, దక్షిణాదిలో బౌద్ధ స్తూపాలకు రాతి తోరణాలు చాలా అరుదు. కర్ర నుంచి రాయికి వచ్చిన ఆ ఉత్తరాది రూపం మన మెట్టకు వచ్చి, సున్నపురాతిలో కృష్ణ ఒడ్డు శిల్పుల చేతిలో పడింది. సాంచి తోరణాల మీద బుద్ధుడి రూపం ఉండదు, పాదాలు, చెట్టు, ఖాళీ ఆసనమే ఆయన. ఫణిగిరి నాటికి ఆయన మనిషిగా కనిపిస్తాడు. ఈ దూలం మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచివెళ్లే కథ, మహాభినిష్క్రమణం ఉంది. నాగార్జునకొండ అయిదు ఆయక స్తంభాల్లో రెండోది గుర్తుచేసే ఘట్టం కూడా అదే. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ కళ మీద ప్రదర్శన జరిగితే ఈ దూలం అక్కడిదాకా వెళ్లింది.

సాంచి కిక్కిరింపు ఈ దూలంలో తగ్గింది. శరీరాలు సన్నబడి సాగాయి, ఒకరి భుజం మీదుగా ఇంకొకరు కనబడతారు. వెనకవాడి ముఖం ముందువాడి ముఖంకన్నా గోరంత తక్కువ ఎత్తులో ఉంటుంది. రెండు మూడు అంగుళాల రాతిలో మూడు వరసల జనం. యోషిదా దూరం చూపించడానికి పలక మీద పలక వేసి, రంగును పలచబరుస్తూ పోతాడు. ఫణిగిరి శిల్పి రాతిని పొర తర్వాత పొర తీస్తూ లోపలికి పోతాడు. ఒకరిది కలుపుతూ పోయే లెక్క, ఇంకొకరిది తీసేస్తూ పోయే లెక్క. యోషిదాకు తప్పొస్తే ఆ కాగితం పారేసి ఇంకోటి తీసుకునే వీలుంది. పలనాటి రాయి ఆ వీలు ఇవ్వదు.

దూలానికి రెండు ముఖాల మీదా చెక్కడం ఉంది. జపానువాళ్లు పలకకు రెండువైపులా చెక్కింది చెర్రీ ఖరీదు వల్ల, ఒకవైపు రంగు తీస్తుంటే రెండోవైపు బల్లకు ఆనుకుని ఉంటుంది, ఎవరికీ కనబడదు. ఫణిగిరిలో పొదుపు సంగతి లేదు. తోరణం కింద నుంచి మనుషులు లోపలికి వెళ్తారు, తిరిగి బయటికి వస్తారు. వెళ్లేవాళ్లకు ఒక వైపు, వచ్చేవాళ్లకు ఒక వైపు. పొద్దున ఎండ తగిలే ముఖానికి సాయంత్రం నీడే గతి కాబట్టి, శిల్పి రెండు వైపులకూ రెండు పూటలు లెక్కపెట్టుకుని ఉలి దించి ఉండాలి.